తొమ్మిది వందల కిలోమీటర్లు బస్సువి... పద్నాలుగు మనవి

అరుణాచలం గిరి ప్రదక్షిణకు బొగ్గుబాయిల పట్టణాలు వరుస కట్టాయి. ప్యాకేజీలో పోవాలా, సొంతంగా పోవాలా అన్నది ఇప్పుడు ప్రతి కాలనీలో నడుస్తున్న చర్చ.

రాత్రి మూడు కావస్తోంది. తిరువణ్ణామలైలో అరుణాచలం కొండ చుట్టూ తిరిగే రోడ్డు మీద అడుగు పెట్టే జాగా లేదు. వాయులింగం గుడి ముందు కర్పూరం పొగ. పక్కనే టీ బండి. దాని పక్క అరుగు మీద ఒక నడివయసు మనిషి కూర్చుని పాదం తిప్పి చూసుకుంటున్నాడు. మడమ మీద బొబ్బ చితికి, దానికి ఇసుక అంటుకుంది. జేబులో ఫోను మోగింది. ‘అన్నా, ఎక్కడిదాకా వచ్చిన్రు? ఐదింటికి బండి కదులుతది. మీరు నలుగురే తక్కువున్నరు.’ ‘వాయులింగం కాడున్నం తమ్మీ. అమ్మకు మోకాళ్లు పట్టేసినయి, కూసుంటే లేస్తలేదు.’ ‘అందరు బండ్లనే కూసున్నరన్నా, జర జల్ది రాండ్రి.’ మాట వినబడ్డ తల్లి కొడుకు భుజం పట్టుకుని లేచింది. ఇంకా కుబేరలింగం ఉంది, ఈశాన్యలింగం ఉంది. అక్కడి నుంచి ఆమె నడిచింది కొండ చుట్టూ కాదు, బస్సు వైపు.

ఆ నలుగురు గోదావరిఖని వాళ్లు కావచ్చు, మందమర్రి వాళ్లు కావచ్చు, భూపాలపల్లి వాళ్లు కావచ్చు. ఏ పౌర్ణమికైనా ఆ దారిలో ఇలాంటి ఫోన్లు ఎన్నో మోగుతుంటాయి. తప్పు ఫోను చేసినతనిది కాదు. నలభై మందిని తెల్లారేసరికి ఇంకో గుడికి చేర్చాల్సిన బాధ్యత అతనిది. తల్లీకొడుకులదీ కాదు. అసలు చిక్కు వాళ్లు కొన్న టికెట్‌లోనే ఉంది.

ఇంత గిరాకీ ఎక్కడిది?

అరుణాచలం తెలుగువాళ్లకు నిన్నమొన్న తెలిసిన ఊరు కాదు. 1896లో కొండకు చేరిన యువకుడికి 1907లో భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టింది విజయనగరం ప్రాంతపు కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని. 1950లో రచయిత చలం బెజవాడ వదిలి అక్కడికే వెళ్లి, 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. అయితే అప్పట్లో ఆ కొండ చదువుకున్నవాళ్ల కొండ. పుస్తకాలు పట్టుకుని ఆశ్రమానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. మామూలు ఇళ్లకు దాన్ని దగ్గర చేసినవి టీవీ ప్రవచనాలు. ఆ తర్వాత యూట్యూబ్ వచ్చింది. కొవిడ్ దాటాక ఆ వీడియోల జోరు ఎలా పెరిగిందో అందరూ చూసిందే. 2023 జులైలో గురుపౌర్ణమికి ఆర్టీసీ హైదరాబాద్ నుంచి ప్రత్యేక బస్సులు వేసింది. దారిలో కాణిపాకం, తర్వాత గిరి ప్రదక్షిణ, వచ్చేటప్పుడు వేలూరు స్వర్ణ దేవాలయం. సీట్లు నిండాయి, జిల్లా డిపోలు అదే బాట పట్టాయి. గోదావరిఖని డిపో కూడా అందులో ఉంది. ఇక ప్రైవేటు ట్రావెల్స్ సంగతి చెప్పనక్కర్లేదు, చౌరస్తాలో ఏ గోడ చూసినా వాళ్ల పోస్టరే.

బొగ్గు ప్రాంతంలో దీనికి ఇంకో కారణం కూడా తోడైంది. దసరా ముందు బాయి కార్మికులకు లాభాల వాటా వస్తుంది, దీపావళికి బోనస్ వస్తుంది, వెంటనే కార్తీకం. చేతిలో డబ్బులుండటం, మాల వేసుకునే రుతువు, చల్లని వాతావరణం మూడూ ఒకేసారి కలిసే పట్టణాలు తెలంగాణలో ఇవే. క్వార్టర్ల వరుసలో ఒక ఇల్లు పోయివచ్చి విభూతి పంచితే, మరుసటి నెలకు వరుస మొత్తం బయలుదేరుతుంది.

నాలుగు రోజులంటే అరవై మస్టర్లు

గోదావరిఖని నుంచి తిరువణ్ణామలై రోడ్డు మీద సుమారు 900 కిలోమీటర్లు. కొండ చుట్టూ దారి 14 కిలోమీటర్లు. బస్సులో ఆగుతూ పోతే ఇరవై గంటల ప్రయాణం. రానుపోను, దర్శనాలు కలుపుకుంటే ఎంత తక్కువన్నా నాలుగు రోజులు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగికి ఇది ఒక లాంగ్ వీకెండ్. బాయి కార్మికుడికి కాదు. సెలవు లెక్క ప్రకారం బాయి లోపల పనిచేసేవాళ్లకు 15 మస్టర్లకు (హాజరు పడ్డ పనిదినాలకు) ఒక రోజు చొప్పున, పైన పనిచేసేవాళ్లకు 20కి ఒకటి చొప్పున జీతంతో కూడిన సెలవు జమ అవుతుంది. అది కూడా ఏడాదిలో తగినన్ని మస్టర్లు పడితేనే. అంటే ఈ జీతపు సెలవు (ఈఎల్) పెట్టి నాలుగు రోజులు వెళ్లే కార్మికుడు అరవై మస్టర్ల కష్టాన్ని ఆ యాత్రకు ఖర్చు పెడుతున్నాడు. పైన తవ్వే ఓసీపీలో డంపర్ నడిపే ఆపరేటర్‌కైతే ఎనభై. సీఎల్ వాడుకోవచ్చు, వారపు సెలవైన ప్లేడే కలుపుకోవచ్చు. కానీ ఎన్ని కలుపుకున్నా, షిఫ్టుల ఉద్యోగానికి సెలవన్నది డబ్బుకన్నా పిరమైన సరుకు.

కాబట్టే ఇక్కడ ప్యాకేజీ మీద మోజు తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, సద్ది కట్టుకుని బస్టాండుకు వస్తే చాలు. రిజర్వేషన్ తిప్పలు లేవు, దారి అడిగే పని లేదు, ఎక్కడ మారాలో తెలియాల్సిన అవసరం లేదు. సొంతంగా వెళ్లాలంటే ఏముంది? గోదావరిఖనికి ప్రయాణికుల రైల్వేస్టేషనే లేదు, రామగుండం పోవాలి. కరీంనగర్–తిరుపతి ఎక్స్‌ప్రెస్ పెద్దపల్లి మీదుగా వెళ్తుంది కానీ అది ప్రతిరోజూ నడిచే బండి కాదు. తిరుపతిలో దిగి, చిత్తూరు, వేలూరు మీదుగా ఇంకో నాలుగైదు గంటలు బస్సులో పోవాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని షిఫ్టుల పట్టికతో సరిచూసుకోవడం చిన్న పనేం కాదు. ఈ భారమంతా తీసేస్తున్నందుకు ప్యాకేజీకి దండం పెట్టాల్సిందే.

ఇంతవరకు టూర్ల వైపే న్యాయం ఉంది. అసలు తేడా బస్సు దిగాక మొదలవుతుంది.

కూర్చుని వచ్చిన కాళ్లు

ఎక్కువ ప్యాకేజీలు ఒకే పద్ధతిలో నడుస్తాయి. ఒక రోజంతా ప్రయాణం, రాత్రికి తిరువణ్ణామలై, దిగగానే నడక, తెల్లారేసరికి మళ్లీ బస్సు. రూము ఉండదు, ఉన్నా సామాన్లు పెట్టుకుని మొహం కడుక్కునేంత సేపే. ఎందుకంటే పౌర్ణమికి ఆ ఊళ్లో గది దొరకడమే గగనం, దొరికినా ధర మండిపోతుంది. ఆ ఖర్చు కలిపితే టికెట్ ధర పెరుగుతుంది, పెరిగితే పక్క పోస్టర్‌కు జనం పోతారు. ఇందులో ఎవరి కుట్రా లేదు, పోటీలో మొదట తెగిపోయేది నిద్ర, అంతే.

కానీ దాని ఫలితం చూడండి. పదహారు, పద్దెనిమిది గంటలు కాళ్లు వేలాడేసి కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. ఉబ్బిన పాదాలతో, చెప్పుల్లేకుండా, సిమెంటు రోడ్డు మీద, జనం తోపులాటలో 14 కిలోమీటర్లు. ఇరవై ఏళ్లవాడికి ఇది లెక్కలోకి రాదు. గోదావరిఖని నుంచి బస్సెక్కేది ఎవరు? రిటైర్మెంటుకు దగ్గరపడ్డ కార్మికుడు, అతని భార్య, ఇద్దరిలో ఒకరి తల్లి. బాయిలో ఏళ్ల తరబడి తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన మోకాళ్లు, డంపర్ కుదుపులకు అరిగిన నడుము, దుమ్ము తిన్న ఊపిరితిత్తులు. పట్నం ట్రావెల్స్ తయారుచేసిన టైమ్‌టేబుల్ ఈ శరీరాలను చూసి రాసింది కాదు. మామూలు రోజున నాలుగైదు గంటల్లో ముగిసే ప్రదక్షిణ పౌర్ణమి రద్దీలో ఆరేడు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి మొదలుపెట్టినవాళ్లకు ఐదింటి బస్సు అందడం అదృష్టమే. గుడిలో దర్శనం ఆశ అప్పటికే వదులుకోవాలి, ఆ క్యూ వేరే.

పైగా ఈ నడకకు వేగం అన్నది పక్క విషయం కాదు. నెమ్మదిగా, మౌనంగా, దారికి ఎడమవైపున నడవాలన్నది అక్కడి సంప్రదాయం. రమణ మహర్షి 1926 వరకు శిష్యులతో కలిసి ప్రదక్షిణ చేసేవారు. మధ్యలో ఆగి, వండుకుని, విశ్రమించి, ఒక్కోసారి రెండు మూడు రోజులకు చుట్టు పూర్తిచేసిన సందర్భాలున్నాయి. 14 కిలోమీటర్లకు రెండు రోజులు! ఇప్పుడు మనం అదే దారిని కాణిపాకానికీ స్వర్ణ దేవాలయానికీ మధ్య ఒక రాత్రిలో ఇరికించి, చుట్టొచ్చామని చెప్పుకుంటున్నాం. టూరు దూరాన్ని అమ్మగలదు. నడక వేగాన్ని అమ్మలేదు, అది మన చేతిలో ఉంచుకోవాల్సిందే.

■ ఎనిమిది లింగాలు
తూర్పున ఇంద్రలింగంతో మొదలై అగ్ని, యమ, నైరుతి, వరుణ, వాయు, కుబేర, ఈశాన్య లింగాలు వరుసగా ఎనిమిది దిక్కులా వస్తాయి. మధ్యలో రమణాశ్రమం, పడమట ఆది అన్నామలై ఆలయం. ఇంద్రలింగం దగ్గరే మొదలుపెట్టాలన్న పట్టింపు లేదు, ఎక్కడ మొదలుపెడితే అక్కడ ముగిస్తే చుట్టు పూర్తయినట్టే. బస ఎక్కడ దొరికితే అక్కడి నుంచే బయలుదేరవచ్చు.

■ చుట్టడం వేరు, ఎక్కడం వేరు
కొండ ఎత్తు సుమారు 814 మీటర్లు. 2024 డిసెంబరు 1న ఫెంగల్ తుపాను వానలకు కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ఏడుగురు చనిపోయారు. ఆ నెల కార్తీక దీపానికి భక్తులను పైకి పంపలేదు. మామూలు రోజుల్లోనూ శిఖరం ఎక్కడానికి ఆంక్షలున్నాయి. ‘పైకి తీసుకెళ్తాం’ అనే గైడు మాట నమ్మవద్దు.

కొండగట్టు దారి ఏం చెబుతోంది?

సొంతంగా అనగానే భుజాన సంచీతో ఒంటరిగా బయలుదేరే మనిషి గుర్తుకొస్తాడు. అందుకే చాలామంది వెనక్కు తగ్గుతారు. నిజానికి ఈ ప్రాంతానికి ఇంకో పద్ధతి బాగా తెలుసు. హనుమాన్ మాల వేసుకున్న స్వాములు చైత్ర పౌర్ణమికీ, వైశాఖ బహుళ దశమికీ కొండగట్టు నడిచి వెళ్తారు. గోదావరిఖని నుంచి ధర్మారం మీదుగా దారిని బట్టి డెబ్బై, ఎనభై కిలోమీటర్లు. అరుణాచలం చుట్టుకు ఐదింతలు! అదీ రామగుండంలో పగటి ఎండ 45 డిగ్రీలు ముట్టుకునే కాలంలో. అయినా ఈ నడకకు టికెట్ లేదు, ఆఫీసు లేదు, పోస్టర్ లేదు.

ఎలా నడుస్తున్నారు? కాలనీకో గురుస్వామి ఉంటాడు, ఆయన ఏళ్లుగా ఆ దారి తొక్కినవాడు. నీళ్ల డబ్బాలు, ఇరుముడి కాక మిగిలిన సామాను ఒక ట్రాలీ ఆటోలో వెంట వస్తాయి. పొద్దు వంగాక నడిచి, ఎండెక్కేలోపు ఏ గుడి మండపంలోనో, బడి వరండాలోనో ఒరుగుతారు. ఊరూరా మజ్జిగ, అన్నం పెట్టేవాళ్లుంటారు. కాలు నొచ్చిన స్వామి వెనకబడితే జట్టు ఆగుతుంది, ఆటో ఎక్కమంటుంది, ఎక్కనంటే తోడు ఒకరిని వదులుతుంది. జట్టు వేగం అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి వేగం. బాయిలో గ్యాంగు పనిచేసేది కూడా ఇలాగే కదా, ఒక్కడు చిక్కుకుంటే మిగతావాళ్లు పైకి రారు.

ఇందులో లోపాలు లేవని కాదు. కొంత దారి బొగ్గు టిప్పర్లు, లారీలు తిరిగే రోడ్డు. చీకట్లో కాషాయం బట్ట దూరానికి కనబడదు. వీపుకు మెరిసే రేడియం పట్టీలు కట్టుకునే జట్లు ఉన్నాయి, కట్టుకోనివే ఎక్కువ. క్యాప్ ల్యాంప్ లేనిదే బాయి దిగని మనిషి, టార్చి లేకుండా రోడ్డెక్కుతున్నాడు. అయినా ఏర్పాటులో ఉన్న తెలివి గమనించదగింది. బండి సామాను మోస్తుంది, మనిషి తన వేగంలో తాను నడుస్తాడు. స్పెయిన్‌లో సాంతియాగో యాత్రలోనూ ఇదే తీరు. అక్కడ నడిచి వెళ్లేవాళ్లకు కనీసం వంద కిలోమీటర్లు పూర్తిచేస్తేనే యాత్రా పత్రం ఇస్తారు. సంచులను ఒక బస నుంచి ఇంకో బసకు చేర్చే కంపెనీలున్నాయి, వాటికి డబ్బు కట్టినవాళ్లను కూడా ఎప్పుడు లేవాలో, ఎక్కడ ఆగాలో ఎవరూ శాసించరు.

■ ప్యాకేజీలు లేని కాలంలో
ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. హైదరాబాద్, నాగపూర్ మీదుగా పెద్ద పరివారంతో సాగిన ఆ ప్రయాణంలో ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉందన్నది రాసిపెట్టారు. ‘కాశీయాత్రా చరిత్ర’ తర్వాత వెళ్లేవాళ్లకు దారి పట్టికలా పనికొచ్చింది.

మరి కొత్తవాళ్లు, ఆడవాళ్లు?

ఈ వాదనకు మొదట ఎదురయ్యే ప్రశ్న భాషది. తమిళం రాదు, ఊరు తెలియదు, మొదటిసారి వెళ్లేవాళ్లు ఎట్లా? ఐదేళ్ల క్రితం ఈ ప్రశ్నకు బరువుండేది. ఇప్పుడు తిరువణ్ణామలైలో హోటళ్ల ముందు తెలుగు బోర్డులు వెలిశాయి, ఆటోవాళ్లు బేరం తెలుగులోనే ఆడుతున్నారు. బేరంలో మోసం కూడా తెలుగులోనే జరుగుతుందనుకోండి, అది వేరే సంగతి. ప్రదక్షిణ దారి కూడా అడవిబాట కాదు, వీధి దీపాలు, పక్కన దుకాణాలు ఉన్న తారు, సిమెంటు రోడ్డు. దారి తప్పే ప్రమాదం దాదాపు లేదు, ఎప్పుడూ కొండ కుడిచేతి వైపే ఉంటుంది.

ఆడవాళ్ల భద్రత ప్రశ్నను మాత్రం అంత తేలిగ్గా దాటేయలేం. రద్దీ లేని రోజున అర్ధరాత్రి ఆ దారి పడమటి వైపు పలచబడుతుంది. దోపిడీలు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఒంటరిగా, అపరాత్రి నడవడం ఎవరికీ మంచిది కాదు, మగవాళ్లకు సైతం. అయితే దీనికి మందు ప్యాకేజీ టికెట్టే కానక్కర్లేదు. దిగగానే ప్యాకేజీ జనం చెల్లాచెదురవుతారు. నలభై మందిలో ముప్పై ఆరుగురు ముందు వెళ్లిపోతే మిగిలిన నలుగురికి ఆ టూరు ఇచ్చిన రక్షణ ఏముంది? తెలిసిన ఆరేడుగురు కలిసి, తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగించుకుంటే భద్రతా ఉంటుంది, కాళ్లూ కాలవు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక క్వార్టర్లలోని ఆడవాళ్లు జట్లు జట్లుగా వేములవాడకు, ధర్మపురికి, కాళేశ్వరానికి తమంతట తాము వెళ్లివస్తున్నారు. ఏ బస్సు ఎక్కడ మారాలి, ఎవరు టిఫిన్ తేవాలి, ఎన్నింటికి తిరిగి రావాలి అన్నీ వాళ్లే చూసుకుంటున్నారు. ఈ చదువు రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోవాల్సిన పనిలేదు.

ఇక ఖర్చు. ఒక్కరు, ఇద్దరు వెళ్తే సొంత ప్రయాణం ప్యాకేజీకన్నా ఎక్కువే పడొచ్చు, గది అద్దె వల్ల. పదిమంది కలిస్తే లెక్క మారుతుంది. కాకపోతే టెంపో ట్రావెలర్ మాట్లాడుకునేవాళ్లు తమిళనాడు పర్మిట్, టాక్స్ ధరలో కలిసే ఉన్నాయా అని ముందే తేల్చుకోవాలి. 900 కిలోమీటర్లకు ఒక్క డ్రైవరే అంటే ఎంత తక్కువకు వచ్చినా ఆ బండి వద్దనాలి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం విశ్వాసానిది. పౌర్ణమి ఫలం పౌర్ణమిదే, మామూలు రోజున చుడితే ఏం వస్తుంది అంటారు. విశ్వాసంతో వాదించే పని మనకు లేదు. కానీ గిరి ప్రదక్షిణ ఏ రోజైనా చేయవచ్చన్నది కూడా అక్కడి సంప్రదాయమే, రమణుల దగ్గరివాళ్లు తిథి చూడకుండా తిరిగారు. నడవగలిగినవాళ్లు పౌర్ణమికే వెళ్లనివ్వండి. అరవై దాటిన తల్లిని తీసుకెళ్లేవాళ్లకు మాత్రం లక్షల జనం లేని మంగళవారమో బుధవారమో చాలా మేలు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల ప్లేడే ఎలాగూ అందరి ఆదివారంతో కలవాలని లేదు కాబట్టి, వారం మధ్యలో వెళ్లే వీలు హైదరాబాద్ ఉద్యోగికన్నా గోదావరిఖని కార్మికుడికే ఎక్కువ.

కౌంటర్ దగ్గర అడగాల్సినవి

దూరం బస్సుకు వదిలి నడకను తన దగ్గర ఉంచుకోవాలనుకునేవాళ్లకు మధ్యేమార్గం ఉంది. ప్యాకేజీ కొనండి, కానీ కొనేముందు అడగండి: తిరువణ్ణామలై చేరేది ఎన్నింటికి, కదిలేది ఎన్నింటికి? మధ్యలో పన్నెండు గంటలకన్నా తక్కువుంటే పెద్దవాళ్లతో ఆ బస్సు ఎక్కకపోవడమే మంచిది. నడకకు ముందు వెన్ను వాల్చడానికి చోటుందా? వెనకబడ్డవాళ్ల కోసం ఎవరైనా ఆగుతారా? ఈశాన్యలింగం దాకా రాలేనివాళ్లను మధ్యలో ఎక్కించుకునే ఏర్పాటుందా? దారిలో ఎన్ని గుళ్లు చూపిస్తారన్నది చివరి ప్రశ్న కావాలి. పోస్టర్లలో మాత్రం అదే మొదటి వరుసలో, పెద్దక్షరాల్లో ఉంటుంది. నాలుగు రోజుల్లో ఆరు గుళ్లు చూపించే ప్యాకేజీకన్నా రెండే చూపించేది నడిచేవాళ్లకు నయం.

ఆర్టీసీ తలచుకుంటే ఇంకో పని చేయవచ్చు. పౌర్ణమి బస్సులకు ఎలాగూ గిరాకీ ఉంది, అవి నడవనీ. నెలకొకసారి పౌర్ణమి కాని రోజుల్లో, మొదటి షిఫ్టు దిగిన కార్మికుడికి అందేలా సాయంత్రం ఐదు తర్వాత గోదావరిఖనిలో బయలుదేరే బస్సు ఒకటి వేసి చూడాలి. మర్నాడు మధ్యాహ్నానికి చేరి, ఆ పూట పడుకుని, మూడో రోజు తెల్లవారుజామున నడిచి, దర్శనం చేసుకుని రాత్రికి తిరుగు ప్రయాణం. కాణిపాకం వద్దు, స్వర్ణ దేవాలయం వద్దు. సెలవు దినాలు పెరగవు, ఒక రాత్రి బస ఖర్చు మాత్రం టికెట్ మీద పడుతుంది. ఆ నాలుగు రోజుల కోసం అరవై మస్టర్లు పెట్టినవాళ్లు అది కట్టడానికి వెనకాడతారని అనుకోవడానికి కారణం కనబడదు. వెనకాడితే నలభై సీట్లు నిండవు, డిపోకు ఆ సంగతి మొదటి నెలలోనే తెలిసిపోతుంది.